సూపర్‌మ్యాన్ ఓనర్ మళ్లీ మారుతున్నాడా? కార్పొరేట్ డీల్స్ మధ్య నలిగేది కామిక్ కథలేనా?

2025 చివర్లో హాలీవుడ్‌లో ఆ ఏడాది అతిపెద్ద డీల్ చుట్టూ రచ్చ నడిచింది. వార్నర్ బ్రదర్స్ స్టూడియోలను, హెచ్‌బీవో మ్యాక్స్‌ను కొనేందుకు ఒప్పందం కుదిరిందని 2025 డిసెంబర్ 5న నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. ఈక్విటీ విలువ 72 బిలియన్ డాలర్లు. మన లెక్కలో సుమారు ఆరున్నర లక్షల కోట్ల రూపాయలు. మూడు రోజులు తిరక్కుండానే పారామౌంట్ స్కైడాన్స్ రంగంలోకి దిగింది. ఒక్కో షేరుకు 30 డాలర్లు నగదు ఇస్తామంటూ నేరుగా షేర్‌హోల్డర్లకే ఆఫర్ పెట్టింది. డిసెంబర్ 17న వార్నర్ బోర్డు ఆ ఆఫర్‌ను తిరస్కరించాలని షేర్‌హోల్డర్లకు సూచించింది.

చర్చంతా ఓటీటీ, థియేటర్ల గురించే సాగింది. హ్యారీ పోటర్ ఎవరికి దక్కుతుంది, గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎటు వెళ్తుంది అన్నదే హెడ్‌లైన్. అయితే ఈ మూటలో ఇంకో చిన్న కంపెనీ కూడా ఉంది. 1930ల నుంచి బొమ్మల కథల పుస్తకాలు వేస్తున్న డీసీ కామిక్స్. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ ఉమన్ పుట్టిల్లు అదే.

వందల బిలియన్ల లెక్కల్లో కామిక్ పుస్తకాల అమ్మకాలు చాలా చిన్న అంకె. కానీ సినిమాలకు, సిరీస్‌లకు, బొమ్మలకు కథ అందేది అక్కడి నుంచే. మరి యజమాని మారినప్పుడల్లా ఆ కథలకు ఏమవుతోంది? గత అరవై ఏళ్ల చరిత్ర చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త ఓనర్ వచ్చి కథలో వేలు పెట్టడం అరుదు. అసలు దెబ్బ ఆయన తెచ్చే అప్పు నుంచి, ఆయన పక్క వ్యాపారాల అవసరాల నుంచి పడుతుంది.

పార్కింగ్ కంపెనీ చేతికి సూపర్‌మ్యాన్

డీసీకి యజమాని మారడం కొత్తేం కాదు. 1967లో దీన్ని కొన్నది కిన్నీ నేషనల్ అనే కంపెనీ. వాళ్ల వ్యాపారం ఏంటో తెలుసా? కార్ పార్కింగ్ స్థలాలు, అంత్యక్రియలు జరిపించే సంస్థలు, క్లీనింగ్ సర్వీసులు. రెండేళ్ల తర్వాత అదే కంపెనీ వార్నర్ బ్రదర్స్ స్టూడియోను కూడా కొంది. అలా డీసీ, వార్నర్ ఒకే గూటికి చేరాయి. ఆ తర్వాత వార్నర్ కమ్యూనికేషన్స్, టైమ్ వార్నర్, ఏవోఎల్ టైమ్ వార్నర్, ఏటీ అండ్ టీ, వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ. బోర్డు మారుతూ వచ్చింది.

మొదటి టేకోవర్ తర్వాత జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. సూపర్‌మ్యాన్‌ను సృష్టించింది జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు. 1938లో ఆ పాత్ర హక్కుల కింద వాళ్లకు అందింది 130 డాలర్లు. అంతే. తర్వాత కోర్టులకెక్కినా ఫలితం లేకపోయింది. 1970ల మధ్యలో సూపర్‌మ్యాన్‌ను భారీ సినిమాగా తీస్తున్నామని వార్నర్ చెప్పుకుంటుంటే, సృష్టికర్తలిద్దరూ వయసు మీద పడి ఇబ్బందుల్లో ఉన్నారన్న వార్త బయటికొచ్చింది. ఆర్టిస్ట్ నీల్ ఆడమ్స్ లాంటివాళ్లు వాళ్ల తరఫున గట్టిగా నిలబడ్డారు. చివరికి 1975లో వార్నర్ దిగొచ్చింది. ఇద్దరికీ ఏడాదికి చెరో 20 వేల డాలర్ల పెన్షన్, పుస్తకాల మీద పేర్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది.

చిన్న ప్రచురణకర్త దశాబ్దాల పాటు పట్టించుకోని విషయాన్ని పెద్ద కార్పొరేట్ కొన్ని నెలల్లో తేల్చింది. జాలి కంటే పరువు భయమే ఎక్కువ పని చేసిందన్నది వేరే సంగతి. సినిమా రిలీజ్ ముందు చెడ్డపేరు ఏ స్టూడియోకైనా ఇబ్బందే కదా. ఏదేమైనా టేకోవర్ అంటే ప్రతిసారీ నష్టమే అనుకోవడానికి లేదని ఈ ఉదంతం చెబుతుంది.

టైమ్ వార్నర్ నీడలోనే 1993లో డీసీ ‘వెర్టిగో’ అనే విభాగం మొదలుపెట్టింది. ఎడిటర్ కరెన్ బర్గర్ చేతుల్లో అది పెద్దవాళ్ల కోసం కొత్త తరహా కథలు అందించింది. అప్పటికే నడుస్తున్న శాండ్‌మ్యాన్ అందులో చేరింది. ప్రీచర్, వై: ది లాస్ట్ మ్యాన్, ఫేబుల్స్ అక్కడే పుట్టాయి. పైనున్న పెద్ద కంపెనీ పెద్దగా పట్టించుకోకపోవడం కూడా ఒక్కోసారి వరమే.

అప్పు కట్టేది ఎవరు? స్పైడర్‌మ్యాన్!

అసలు చేదు పాఠం మార్వెల్‌ది. 1989లో రొనాల్డ్ పెరల్‌మన్ అనే ఫైనాన్షియర్ మార్వెల్‌ను 82.5 మిలియన్ డాలర్లకు కొన్నాడు. 1991లో కంపెనీని స్టాక్ మార్కెట్‌లోకి తెచ్చాడు. అప్పట్లో అమెరికాలో కామిక్స్‌ను పెట్టుబడిగా కొని దాచుకునే పిచ్చి నడుస్తోంది. ఒకే పుస్తకాన్ని నాలుగైదు రకాల కవర్లతో వేసినా జనం ఎగబడి కొనేవాళ్లు. ఆ ఊపులో మార్వెల్ ట్రేడింగ్ కార్డుల కంపెనీలు ఫ్లీర్, స్కైబాక్స్‌ను, స్టిక్కర్ల కంపెనీ పనీనిని, పోటీ ప్రచురణకర్త మాలిబును వరుసగా కొనేసింది. చాలా వరకు అప్పు చేసే.

1994లో అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మె చేశారు. కార్డుల అమ్మకాలు పడిపోయాయి. కామిక్స్ బుడగ కూడా అప్పుడే పేలింది. అప్పులకు వడ్డీలు కట్టాలి, షేరు ధర నిలబెట్టాలి, ప్రతి మూడు నెలలకూ లాభం చూపించాలి. ఆ భారమంతా వచ్చి పడింది కథల మీదే.

దానికి అందరూ చెప్పే ఉదాహరణ స్పైడర్‌మ్యాన్ ‘క్లోన్ సాగా’. పీటర్ పార్కర్‌కు నకలు ఉన్నాడు, అసలు పీటర్ ఎవరు, నకలు ఎవరు అన్న సస్పెన్స్‌తో 1994లో మొదలైంది. కొద్ది నెలల్లో ముగించేద్దామన్నది రైటర్ల ప్లాన్. కానీ పుస్తకాలు బాగా అమ్ముడయ్యాయి. ఇంకా లాగమని సేల్స్, మార్కెటింగ్ వైపు నుంచి ఒత్తిడి వచ్చిందని ఆ టీమ్‌లో పనిచేసినవాళ్లు తర్వాత చెప్పారు. కథ 1996 చివరి దాకా సాగింది. టీఆర్పీ బాగుందని సీరియల్‌ను సాగదీస్తే ఏమవుతుందో మన ప్రేక్షకులకు విడిగా చెప్పక్కర్లేదు. అచ్చంగా అదే జరిగింది. ఎన్నో ఏళ్లుగా చదువుతున్న వాళ్లే విసిగిపోయారు.

ఇంకో నిర్ణయం దెబ్బ ఇంకా లోతుగా తగిలింది. 1994 చివర్లో మార్వెల్ ‘హీరోస్ వరల్డ్’ అనే పంపిణీ సంస్థను కొంది. తన పుస్తకాలన్నీ ఇకపై దాని ద్వారానే షాపులకు వెళ్లాలంది. మిగతా పెద్ద ప్రచురణకర్తలు భయపడి ‘డైమండ్’ అనే సంస్థతో ప్రత్యేక ఒప్పందాలు చేసుకున్నారు. మిగతా పంపిణీదారులు కనుమరుగయ్యారు. హీరోస్ వరల్డ్ పెద్ద కంపెనీ భారాన్ని మోయలేక మూతపడింది. చివరికి మిగిలింది డైమండ్ ఒక్కటే. 1996 డిసెంబర్‌లో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. ఆ ఏడాదే ఎవెంజర్స్, ఐరన్ మ్యాన్, కెప్టెన్ అమెరికా, ఫెంటాస్టిక్ ఫోర్ పుస్తకాలను బయటి స్టూడియోలకు అప్పగించే దాకా వెళ్లింది.

డైమండ్ మీదే ఆధారపడ్డ ఆ ఏర్పాటు పాతికేళ్లు నడిచింది. కోవిడ్ సమయంలో డీసీ, ఆ తర్వాత మార్వెల్ పక్కకు తప్పుకున్నాయి. 2025 జనవరిలో డైమండ్ కూడా దివాలా కోర్టు మెట్లెక్కింది. దాని మీదే ఆధారపడ్డ చిన్న ప్రచురణకర్తలు ఇబ్బందుల్లో పడ్డారు. ముప్పై ఏళ్ల కిందటి ఒక కార్పొరేట్ కొనుగోలు తాలూకు ప్రకంపనలు ఇప్పటికీ ఆగలేదన్నమాట.

ఒక్క ప్రకటనతో చెల్లని కథలు

అప్పు ఒక రకం దెబ్బ. పక్క వ్యాపారం అవసరాలు ఇంకో రకం.

1991 నుంచి స్టార్ వార్స్ కామిక్స్ వేసింది డార్క్ హార్స్. రెండు దశాబ్దాలకు పైగా ఆ ప్రపంచాన్ని పెంచి పోషించింది. 2012లో డిస్నీ లూకాస్‌ఫిల్మ్‌ను కొంది. డిస్నీకి అప్పటికే సొంత కామిక్ కంపెనీ మార్వెల్ ఉంది. ఇంకేముంది, 2015 నుంచి లైసెన్స్ మార్వెల్‌కు వెళ్లిపోయింది. అంతకంటే ముందే, 2014 ఏప్రిల్‌లో, పాత నవలలు, కామిక్స్‌లోని కథలు ఇకపై అధికారిక కథలో భాగం కావని, ‘లెజెండ్స్’ పేరుతో విడిగా ఉంటాయని ప్రకటన వచ్చింది. కొత్త సినిమాలకు దారి క్లియర్ చేయాలన్నది లెక్క. ఇరవై ఏళ్లు ఆ కథల వెంట నడిచిన పాఠకులకు మాత్రం తాము చదివింది ఇక లెక్కలోకి రాదని తెలిసింది.

వ్యాపారపరంగా చూస్తే డిస్నీ తప్పు చేయలేదు. మార్వెల్ వేసిన మొదటి స్టార్ వార్స్ సంచిక దాదాపు పది లక్షల కాపీలు షాపులకు చేరింది. కానీ ఓనర్ మారితే గతం కూడా మారిపోగలదని ఆ రోజు అందరికీ అర్థమైంది.

ఫెంటాస్టిక్ ఫోర్ కథ కూడా అలాంటిదే. మార్వెల్ సామ్రాజ్యానికి 1961లో పునాది వేసిన పుస్తకం ఇది. సినిమా హక్కులు మాత్రం ఫాక్స్ దగ్గర ఉండేవి. 2015లో మార్వెల్ ఆ నెలవారీ పుస్తకాన్ని ఆపేసింది. పోటీ స్టూడియో సినిమాకు ఉచిత ప్రచారం ఎందుకనే ఆపేశారన్న అనుమానం అభిమానుల్లో బలంగా వినిపించింది. 2017 డిసెంబర్‌లో ఫాక్స్‌ను కొంటున్నట్టు డిస్నీ ప్రకటించింది. 2018 ఆగస్టులో ఫెంటాస్టిక్ ఫోర్ మళ్లీ షాపుల్లోకి వచ్చింది. ఆ రెండింటికీ సంబంధం ఉందా లేదా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

ఏటీ అండ్ టీ వచ్చింది, వెర్టిగో పోయింది

డీసీ విషయానికి మళ్లీ వద్దాం. 2018 జూన్‌లో టెలికాం దిగ్గజం ఏటీ అండ్ టీ సుమారు 85 బిలియన్ డాలర్లకు టైమ్ వార్నర్‌ను సొంతం చేసుకుంది. ఏడాదికే వెర్టిగోను మూసేస్తున్నట్టు డీసీ చెప్పింది. అదే 2019లో మ్యాడ్ మ్యాగజైన్ కొత్త సరుకు దాదాపు మానేసి, పాతవాటిని తిరగేసి వేసే స్థితికి వచ్చింది. 2020 ఆగస్టులో ఎడిటర్-ఇన్-చీఫ్ బాబ్ హారస్ సహా సీనియర్ ఎడిటర్లు ఉద్యోగాలు కోల్పోయారు. ఎడిటోరియల్ సిబ్బందిలో దాదాపు మూడో వంతు మందిని తీసేశారని అప్పట్లో అమెరికా మీడియాలో కథనాలొచ్చాయి.

కామిక్ కంపెనీలో ఎడిటర్ పోవడం అంటే ఒక జీతం తగ్గడం కాదు. ఏ రైటర్‌కు ఏ పాత్ర ఇవ్వాలి, పదేళ్ల కిందట కథలో ఏం జరిగింది, ఏ కొత్త కుర్రాడి మీద నమ్మకం పెట్టొచ్చు.. ఇవన్నీ ఆ మనిషి తలలోనే ఉంటాయి. ఆయన వెళ్తే అదీ వెళ్లిపోతుంది.

నాలుగేళ్లు నిండకుండానే ఏటీ అండ్ టీ చేతులు దులిపేసుకుంది. 2022 ఏప్రిల్‌లో డిస్కవరీతో విలీనం జరిగింది. కొత్త కంపెనీ నెత్తిన 50 బిలియన్ డాలర్లకు పైగా అప్పు. అదే ఆగస్టులో దాదాపు పూర్తయిన ‘బ్యాట్‌గర్ల్’ సినిమాను విడుదల చేయకుండానే అటకెక్కించారు. అప్పు మోసే కంపెనీకి పూర్తయిన కథ కూడా ఖర్చు పద్దులో ఒక లైను మాత్రమే.

మరి మంచి అస్సలు జరగలేదా?

జరిగింది. అదీ చెప్పాలి. 2009లో 4 బిలియన్ డాలర్లకు మార్వెల్‌ను డిస్నీ కొన్నప్పుడు ఇక అంతా మిక్కీ మౌస్ మయమే అని జోకులు పేలాయి. అలా జరగలేదు. 2011లో నల్లజాతి, లాటినో మూలాలున్న మైల్స్ మొరాలిస్ స్పైడర్‌మ్యాన్ అయ్యాడు. 2014లో పాకిస్థానీ అమెరికన్ అమ్మాయి కమలా ఖాన్ సొంత పుస్తకంతో ‘మిస్ మార్వెల్’గా వచ్చింది. రెండూ డిస్నీ హయాంలోవే. డీసీలో కూడా 2024లో వెర్టిగోను మళ్లీ తెస్తామని ప్రకటించారు. అదే ఏడాది మొదలైన ‘అబ్‌సొల్యూట్ బ్యాట్‌మ్యాన్’ షాపుల్లో దుమ్ము రేపింది. డబ్బున్న బ్రూస్ వేన్‌ను పక్కనపెట్టి కూలి పని చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన బ్యాట్‌మ్యాన్‌ను చూపించారు. అప్పుల్లో ఉన్న వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ నీడలోనే ఇది జరిగింది.

అయితే ఒక తేడా గమనించాలి. ఇవన్నీ పాత పేర్లకు కొత్త ముఖాలు. స్పైడర్‌మ్యాన్, మిస్ మార్వెల్, బ్యాట్‌మ్యాన్. పూర్తిగా కొత్త పేరుతో, కొత్త ప్రపంచంతో వచ్చిన పెద్ద హిట్లు చాలావరకు బయటే పుట్టాయి. కారణం సింపుల్. కొత్త పాత్రను సృష్టించి పెద్ద కంపెనీకి ఇస్తే హక్కులు కంపెనీవి. సీగెల్, షుస్టర్ కథ తెలిసిన ఏ రైటరైనా తన బెస్ట్ ఐడియాను దాచుకుంటాడు.

1992లో అదే జరిగింది. టాడ్ మెక్‌ఫార్లేన్, జిమ్ లీ సహా ఏడుగురు స్టార్ ఆర్టిస్టులు మార్వెల్‌ను వదిలి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. రూల్ ఒక్కటే. బొమ్మ గీసినవాడిదే, కథ రాసినవాడిదే హక్కు. రాబర్ట్ కిర్క్‌మన్ ‘ది వాకింగ్ డెడ్’ 2003లో అక్కడే మొదలైంది. 2019లో 193వ సంచికతో ముందస్తు ప్రకటన లేకుండా కథను ముగించేశాడు. టీవీ సిరీస్ ఇంకా నడుస్తుండగానే! తన కథను తనకు నచ్చిన చోట ఆపే స్వేచ్ఛ సూపర్‌మ్యాన్ రాసేవాళ్లకు ఎప్పటికీ ఉండదు.

విచిత్రం ఏంటంటే, ఆ ఏడుగురిలో ఒకరైన జిమ్ లీ తన స్టూడియో వైల్డ్‌స్టార్మ్‌ను 1990ల చివర్లో డీసీకి అమ్మేశాడు. ఇవాళ డీసీకి పబ్లిషర్ ఆయనే.

తెలుగువాళ్లకు తెలిసిన కథే

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోవద్దు. కామిక్ కాకపోయినా, బొమ్మల కథలతో తరాలను పెంచిన చందమామ మన ముందే ఉంది. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు దశాబ్దాల పాటు ఆ కథలను తీర్చిదిద్దారు. వడ్డాది పాపయ్య కవర్లు, చిత్రా బొమ్మలు, శంకర్ గీసిన విక్రమార్కుడు-బేతాళుడు.. ఇవి లేని బాల్యం ఆ తరంలో తక్కువ.

2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చందమామను కొంది. డిజిటల్‌కు తీసుకెళ్తామని చెప్పింది. పాత సంచికలు వెబ్‌సైట్‌లో కనిపించేసరికి పాఠకులు సంబరపడ్డారు. కానీ మాతృసంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2013 నాటికి అచ్చు ఆగిపోయింది. ఆ తర్వాత వెబ్‌సైట్ కూడా పోయింది. చందమామలో కథ బాగోలేదని ఎవరూ మూసేయలేదు. కథకు ఏమాత్రం సంబంధం లేని ఒక కంపెనీ పద్దుల్లో తేడా వచ్చింది, అరవై ఏళ్లు దాటిన పత్రిక దాంతోపాటే మునిగింది. ఇప్పుడు అభిమానులు స్కాన్ చేసి దాచుకున్న పీడీఎఫ్‌లే దిక్కు.

అదే 2007లో అమర్ చిత్ర కథ కూడా చేతులు మారింది. 2011లో ఫ్యూచర్ గ్రూప్ చేతికి వెళ్లింది. ఆ గ్రూప్ తర్వాత ఎలా కుప్పకూలిందో తెలిసిందే. అయినా అమర్ చిత్ర కథ నిలబడింది. 2019లో రానా దగ్గుబాటి చేతులు కలపడంతో హైదరాబాద్‌లో ‘ఏసీకే అలైవ్’ పేరుతో పిల్లల లెర్నింగ్ సెంటర్ కూడా వచ్చింది. 1967లో అనంత్ పై మొదలుపెట్టిన పాత పుస్తకాలు ఇప్పటికీ అమ్ముడవుతుండటం దానికి కలిసొచ్చింది.

ఇప్పుడు చూడాల్సింది ఏంటి?

నెట్‌ఫ్లిక్స్‌కు కామిక్స్ కొత్త కాదు. ఆ కంపెనీ చరిత్రలో తొలి కొనుగోలే ఒక కామిక్ సంస్థ. 2017 ఆగస్టులో మార్క్ మిల్లర్‌కు చెందిన ‘మిల్లర్‌వరల్డ్’ను తీసుకుంది. అందులోంచి వచ్చిన భారీ సిరీస్ ‘జూపిటర్స్ లెగసీ’ 2021లో ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది. మిల్లర్ పుస్తకాలు మాత్రం వేరే ప్రచురణకర్తల ద్వారా వస్తూనే ఉన్నాయి. అంటే, కామిక్‌ను సిరీస్‌గా మార్చడం నెట్‌ఫ్లిక్స్‌కు తెలుసు. సొంతంగా కామిక్ పుస్తకాల వ్యాపారం నడపడం మాత్రం తెలియని పని. పారామౌంట్ ఆఫర్‌లోనూ అప్పు పాత్ర తక్కువేం కాదు.

యజమాని ఎవరైనా సూపర్‌మ్యాన్‌కు, బ్యాట్‌మ్యాన్‌కు ఢోకా లేదు. వాళ్లను ఎవరూ వదులుకోరు. డీల్ పూర్తయ్యాక డీసీలో ఎంతమంది ఎడిటర్లు మిగులుతారు, తిరిగొస్తున్న వెర్టిగోకు ఎన్నాళ్లు టైమ్ ఇస్తారు, కొత్త పాత్ర తెచ్చిన రైటర్‌కు హక్కుల్లో వాటా దొరుకుతుందా.. చూడాల్సింది ఈ మూడే. సిరీస్‌గా తీయడానికి పనికొస్తుందా అని అడిగాకే పుస్తకానికి ఓకే చెప్పే రోజు వస్తే, రేపటి శాండ్‌మ్యాన్ అసలు అచ్చులోకే రాదు.

1938లో సూపర్‌మ్యాన్‌ను 130 డాలర్లకు అచ్చేసినప్పుడు అతని మీద సినిమా వస్తుందని ఎవరూ లెక్కలు వేయలేదు. పది సెంట్ల పుస్తకంలో ఒక కొత్త బొమ్మకు చోటిచ్చారంతే. ఆ బొమ్మ కోసమే 2025లో బిలియన్లతో కొట్టుకున్నారు. అలాంటి చోటు కొత్త యజమాని మిగులుస్తాడా లేదా అన్నది మాత్రం ఏ డీల్ పేపర్లోనూ ఉండదు.